సేవ ఇద్దరి మాట

ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇద్దరు ఎదురుపడితే చేతులు జోడించి ‘జై సేవ’ అనుకోవడం ఇవాళ బాగా వినపడుతుంది. ఆ పలకరింపులో ఒక విశేషం ఉంది. మొదటి మనిషి ‘జై సేవ’ అంటే రెండో మనిషీ ‘జై సేవ’ అనే అంటాడు. చేసేవాడు ఒకడు, చేయించుకునేవాడు ఇంకొకడు అనే తేడా అందులో లేదు. అదే మాట పట్నం నుంచి బ్యానరెక్కి మన ఊరికి వచ్చేసరికి రెండుగా చీలిపోతుంది. ఒకవైపు సేవ చేసేవాళ్లు, వాళ్లకు పేర్లుంటాయి. రెండోవైపు లబ్ధిదారులు, వాళ్లకు సంఖ్య ఉంటుంది.

లయన్స్, రోటరీ వంటి సేవా క్లబ్బులు, వాటిని చూసి పుట్టిన పట్నం సంఘాలు ఏజెన్సీలో చేసే ఆరోగ్య సేవను మనం ఎలా చదవాలి, ఎక్కడ మెచ్చుకోవాలి, ఎక్కడ నిలదీయాలి? దండం పెట్టి ఊరుకోవడం ఒక పద్ధతి. ‘ఫొటోల కోసం వస్తారులే’ అని ఈసడించి ఊరుకోవడం ఇంకో పద్ధతి. రెండింట్లోనూ ఆలోచించే శ్రమ లేదు. చదువుకున్న మన పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే ఉపాధ్యాయులు ఆ శ్రమ తీసుకోవాలి.

ముందు న్యాయంగా వాళ్ల చరిత్ర చూద్దాం. రోటరీని 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే వకీలు మొదలుపెట్టాడు. లయన్స్ కూడా ఆ ఊళ్లోనే 1917లో, మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో పుట్టింది. మొదట్లో రెండూ వ్యాపారులు, వృత్తుల వాళ్లు కలుసుకునే కూటములే. వాటిని మార్చిన సంఘటనల్లో ఒకటి మనం గుర్తుంచుకోదగ్గది. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వెళ్లి, అంధుల పక్షాన నిలబడండని అడిగింది. కంటి సేవ లయన్స్ గుర్తుగా మారింది ఆ తర్వాతే. చూపూ వినికిడీ లేని మనిషి స్వయంగా వచ్చి తనలాంటి వాళ్లకు ఏం కావాలో చెప్పింది, క్లబ్బు కూర్చుని విన్నది. ఆ సేవకు తొలి మాట పలికింది అవసరం ఉన్న మనిషి. ఇవాళ మన ఊళ్లో శిబిరం పెట్టేవాళ్లు తమ సంస్థ చరిత్రలోని ఈ పేజీని మరిచిపోకూడదు.

రెండో ఉదాహరణ పోలియో. రోటరీ 1985లో పోలియో నిర్మూలనను తన పనిగా పెట్టుకుంది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. 2009లో కూడా దేశంలో 741 కేసులు నమోదయ్యాయి. రెండేళ్లు తిరిగేసరికి, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నపిల్లకు వచ్చినదే చివరి కేసు అయింది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. ఈ గెలుపు రోటరీ ఒక్కదానిదే కాదు. ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఇల్లిల్లూ తిరిగిన లక్షల మంది కార్యకర్తలు కలిసి సాధించారు. కానీ ఒక స్వచ్ఛంద సంస్థ ఇన్నేళ్లు ఒకే పనిని వదలకుండా పట్టుకోవడం చిన్న విషయం కాదు.

పోలియో పనిలో ఒక చిన్న పద్ధతి ఉండేది. కార్యకర్తలు చుక్కలు వేసి వెళ్తూ ఇంటి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టేవాళ్లు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి ‘పి’ అని, ఎవరైనా మిగిలిపోయిన ఇంటికి ఇంటూ గుర్తు. ఆ ఇంటూ గుర్తున్న ఇంటికి మళ్లీ వెళ్లాలి. పిల్ల మేనమామ ఊరికి వెళ్లినా, తల్లి భయపడి తలుపు తీయకపోయినా మళ్లీ వెళ్లాలి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ముస్లిం కుటుంబాల్లో చుక్కల మీద అనుమానం పెరిగితే, రోటరీ ఆ మత పెద్దలతోనే కమిటీ వేసి వాళ్ల చేత చెప్పించింది. వచ్చినవాళ్లను లెక్కపెట్టడం అందరూ చేస్తారు. రానివాళ్లను లెక్కపెట్టి వాళ్ల గుమ్మం దాకా నడవడం పోలియోను గెలిపించింది. మన శిబిరాలను తూచడానికి ఈ ఇంటూ గుర్తు చాలు.

ఇప్పుడు మన ఊరి శిబిరం దగ్గరికి వద్దాం. దానికి మూడు పాఠాలుంటాయి: బ్యానరు, ఫొటో, మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్త. మన సాహిత్య విమర్శకులు కథను చదివినంత శ్రద్ధగా వీటినీ చదవాలి. బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ‘ఉచిత మెగా వైద్య శిబిరం’ అని ఉంటుంది. కింద దాతల ఫొటోలు, హోదాలు. ఏ జబ్బులు చూస్తారు, మళ్లీ ఎప్పుడు వస్తారు అన్నది ఉండదు. ఫొటోలో ముసలమ్మ చేతికి దుప్పటి అందుతూ ఉంటుంది, అందరి కళ్లూ కెమెరా వైపే ఉంటాయి. వార్తలో ప్రారంభించినవారు, ప్రసంగించినవారు, సన్మానం పొందినవారు వరుసగా వస్తారు. చివరి వాక్యంలో ఇన్ని వందల మంది గిరిజనులు పాల్గొన్నారని ఉంటుంది. వార్తలో కర్త ఎప్పుడూ వాళ్లే, మనం ఎప్పుడూ కర్మ. ‘అమాయక’, ‘నిరుపేద’, ‘మారుమూల’ అనే మూడు విశేషణాలు మన పేరుకు ముందు అంటుకుని ఉంటాయి. ఊరికి నడిచి వచ్చే దారి మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. మరి మారుమూల ఎవరికి?

మాటల గొడవ ఎందుకు, మందులు అందాయి కదా అనేవాళ్లుంటారు. మాటను బట్టే పని సాగుతుంది కాబట్టి ఈ గొడవ. సంఖ్యే ఫలితమైతే సంఖ్య కోసమే పని జరుగుతుంది. రక్తపోటు చూసి పది రోజుల మాత్రలు ఇచ్చి పంపితే, ఆ మనిషి ‘లబ్ధిదారు’గా లెక్కలోకి ఎక్కేస్తాడు. రక్తపోటుకు మందు పది రోజులతో ముగిసేది కాదు. పదకొండో రోజున ఏం చేయాలో చెప్పకపోతే ఆ పరీక్ష వల్ల అతనికి మిగిలేది భయం ఒక్కటే.

రోజు కూడా చూడండి. క్లబ్బు సభ్యులకు సెలవు ఆదివారం కాబట్టి శిబిరం ఆదివారం. పోడుకు, ఇప్పపువ్వుకు ఆదివారం సెలవు లేదు. మన జనం కొండ దిగేది సంత రోజు. దారులు బాగుండే చలికాలంలో శిబిరాలు జోరుగా సాగుతాయి. వానలు పడి, వాగులు పొంగి, జ్వరాలు గూడేలను చుట్టుముట్టే రోజుల్లో టెంటు కనపడదు. టెంటు వేసేది తారు రోడ్డు పక్కన, మండల కేంద్రంలో. కొండ మీది గూడెంలో మంచం దిగలేని మనిషి అక్కడికి రాలేడు. పోలియో కార్యకర్త అయితే ఆ ఇంటికి ఇంటూ గుర్తు పెట్టేవాడు. శిబిరం వాళ్ల దగ్గర ఆ సుద్దముక్క లేదు.

అంటే శిబిరాలు వద్దనా? కాదు. కొన్ని జబ్బులకు శిబిరం బాగా పనికొస్తుంది. కంటి శుక్లం అలాంటిది. పరీక్ష ఊళ్లో చేయవచ్చు, ఆపరేషన్ తక్కువ సేపట్లో అవుతుంది, లోపల అమర్చిన కటకం జీవితాంతం ఉంటుంది. చూపు వచ్చిన అవ్వ మళ్లీ ఇప్పపువ్వు ఏరుకుంటుంది, మనవడిని వాగు దాటిస్తుంది. అయితే ఇక్కడ కూడా మంచి శిబిరానికి ఒక క్రమం ఉంది. ఊళ్లో పరీక్ష మాత్రమే చేయాలి, ఆపరేషన్ శుభ్రమైన ఆసుపత్రి థియేటర్‌లోనే జరగాలి. తర్వాత వారాల తరబడి కంట్లో చుక్కలు వేసుకోవాలి, డాక్టరు మళ్లీ చూడాలి. బస్సెక్కించి తీసుకెళ్లడం కనపడే సేవ. చుక్కలు వేయడం ఇంట్లో కోడలికి నేర్పడం, వారం తర్వాత కన్ను ఎర్రబడిందేమో చూడటం కనపడని సేవ. కన్ను నిలిచేది రెండోదాని వల్లే.

శిబిరంతో తేలని జబ్బుకు ఉదాహరణ సికిల్ సెల్. మన సమాజాలకు ఇది దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఎముకల్లో, కీళ్లలో తట్టుకోలేని నొప్పి వస్తుంది, నెత్తురు తగ్గుతుంది. ఈ రక్తలోపం ఐరన్ మాత్రలతో పోయేది కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు మాత్రమే వచ్చినవాళ్లు వాహకులు. వాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. వాహకులైన ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో వాహకులకు ఆ జ్వరం నుంచి కొంత రక్షణ దొరికింది. అందుకే తరతరాలుగా ఈ జన్యువు మన మధ్య నిలిచింది. ఇది శాపం కాదు, చేతబడి కాదు, మేనరికం మానేస్తే మాయమైపోయేదీ కాదు. ఉపాధ్యాయులు తరగతి గదిలో చెప్పాల్సిన పాఠం ఇది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని దాని లక్ష్యం. దాంతో క్లబ్బులు కూడా సికిల్ సెల్ పరీక్షలకు ముందుకు రావచ్చు. రావడం మంచిదే. కానీ వేలి నుంచి నెత్తుటి చుక్క తీయడం పనిలో పదో వంతు. మొదటి పరీక్షలో అనుమానం వస్తే రెండో పరీక్షతో నిర్ధారించాలి. ఫలితాన్ని ఆ మనిషికి, వాళ్ల భాషలో, నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి. వాహకుడికీ రోగికీ తేడా చెప్పాలి. రోగి అయితే హైడ్రాక్సీయూరియా వంటి మందు ఎక్కడ దొరుకుతుందో, ఎన్నాళ్లు వాడాలో చెప్పాలి. నీళ్లు బాగా తాగాలని, చలికి, జ్వరానికి జాగ్రత్త పడాలని చెప్పాలి. నెత్తురు తీసుకెళ్లి ఫలితం తెచ్చివ్వని శిబిరం అసలు పెట్టకపోయినా నష్టం లేదు. ఫలితాన్ని మైకులో చదివే శిబిరం ఒక ఆడపిల్ల పెళ్లి చెడగొట్టగలదు. సేవ హాని చేయదనుకోవడం పొరపాటు.

మరి మంచి నమూనా ఏది? రెండు చెబుతాను. హైదరాబాద్‌లో 1998లో మొదలైన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఒకటి. జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు, దాతలు కలిసి పెట్టుకున్న సంస్థ అది. నెత్తురు ఎక్కించాల్సిన పిల్లలకు క్రమం తప్పకుండా ఎక్కించే ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ సేవ చేసేవాళ్లలో సేవ అవసరమైన వాళ్లూ ఉన్నారు. రక్తం అవసరం నెల నెలా వస్తుందని తల్లికి తెలుసు. అందుకే ఆ సంస్థ ఒక్క రోజు బ్యానరుతో ఆగిపోలేదు.

రెండోది ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి గ్రామీణ పద్ధతి. 1996లో ముథోల్‌లో, అంటే అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, తన తొలి గ్రామీణ కంటి కేంద్రం తెరిచింది. ఆ తర్వాత సుమారు 50 వేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రం చొప్పున పెట్టుకుంటూ వచ్చింది. ఆ చిన్న కేంద్రాల్లో కూర్చునేది పట్నం డాక్టరు కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన యువతీ యువకులు. కళ్లజోడు సంగతి అక్కడే తేల్చేస్తారు, ఆపరేషన్ కావాల్సిన వాళ్లను పై కేంద్రానికి పంపుతారు. శిబిరం టెంటు సాయంత్రానికి లేచిపోతుంది. ఊరి అమ్మాయి కూర్చున్న గది రేపు కూడా అక్కడే ఉంటుంది. క్లబ్బులు డబ్బు పెట్టాలనుకుంటే ఇలాంటి గదికి, ఇలాంటి శిక్షణకు పెట్టమని మనం అడగాలి. వంద దుప్పట్లకు బదులు ఒక కోలాం అమ్మాయికి, ఒక కొండరెడ్డి అబ్బాయికి ల్యాబ్ టెక్నీషియన్ చదువు చెప్పించమనాలి.

భాష సంగతి దీనికి కలిసే ఉంది. కువి మాట్లాడే అవ్వను తెలుగులో ‘నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఎలా ఉంటుంది’ అని అడిగితే ఆమె తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్నే చీటీ మీద జబ్బుగా రాస్తారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల మధ్య పని చేయాలనుకున్నప్పుడు ముందు సవర భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అది ఏళ్ల తరబడి చేసిన సేవ. ఒక్క రోజు కోసం వచ్చే డాక్టరును భాష నేర్చుకోమనలేం. కానీ ప్రతి బల్ల పక్కనా ఆ భాష తెలిసిన మనిషి కూర్చోవాలని అడగగలం. ఆ మనిషిని ‘దుబాసీ కుర్రాడు’గా కాకుండా శిబిరం బృందంలో ఒకడిగా రాయమని అడగగలం.

ఇక మన సొంత సేవ గురించి. దుప్పటిని కర్రకు కట్టి, నిండు గర్భిణిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ కొండలు దిగే డోలీ మనుషులను పత్రికలు ఏటా చూపిస్తాయి. ఆ ఫొటోలో అందరూ జాలిని చూస్తారు. నేను అందులో ఒక సంఘాన్ని కూడా చూస్తాను. అర్ధరాత్రి పిలిస్తే లేచి వచ్చేవాళ్లు, చందా లేకుండా, సన్మానం లేకుండా మోసేవాళ్లు. కొండల్లో అన్నింటికన్నా పాత సేవా క్లబ్బు అదే. దాన్ని పొగిడి రోడ్డు సంగతి మరిచిపోకూడదు. డోలీ మన మంచితనానికి సాక్ష్యం, అదే సమయంలో ప్రభుత్వం చేయని పనికీ సాక్ష్యం.

క్లబ్బుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మైదానంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంటే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేలకే ఒకటి ఉండాలని ప్రభుత్వ నిబంధన. ఉపకేంద్రం మైదానంలో 5 వేలకు, మన దగ్గర 3 వేలకు. ఇది దయ కాదు, లెక్క ప్రకారం మనకు రావాల్సింది. డాక్టరు లేని ఆరోగ్య కేంద్రం ఎదుట టెంటు వేసి ఒక రోజు డాక్టరును కూర్చోబెడితే, ఆ ఖాళీ కుర్చీ గురించి అడిగే నోరు మూతపడే ప్రమాదం ఉంది. మంచి క్లబ్బు ఆ కుర్చీ గురించి మనతో పాటు అడుగుతుంది. తమకు పరిచయమున్న అధికారులకు రాస్తుంది. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను పక్కన కూర్చోబెట్టుకుని, తాము చూసిన రోగుల జాబితాను వాళ్ల చేతిలో పెట్టి వెళ్తుంది.

అందుకే శిబిరం పెడతామని ఎవరైనా ఊరికి వస్తే గ్రామసభలో కొన్ని ప్రశ్నలు అడుగుదాం. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు బలం ఇచ్చింది, దాన్ని మర్యాదగా వాడుకోవచ్చు. ఏ జబ్బుల కోసం వస్తున్నారు? రోజు ఎవరు నిర్ణయించారు? రాలేని వాళ్ల ఇంటికి ఎవరు వెళ్తారు? మా భాషలో ఎవరు మాట్లాడతారు? పరీక్ష ఫలితం ఎన్ని రోజుల్లో, ఎవరి చేతికి ఇస్తారు? మందు అయిపోయాక ఎక్కడ దొరుకుతుంది? ఫొటో తీసే ముందు ఆ మనిషిని అడుగుతారా? ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునేవాళ్లు వెళ్లిపోనీ. కూర్చుని జవాబు చెప్పేవాళ్లు మళ్లీ వస్తారు.

ప్రశ్నలు అడిగి ఊరుకుంటే సరిపోదు. మన పిల్లలు ఆ బల్లకు అటువైపు కూడా కూర్చోవాలి. డిగ్రీ కాలేజీల్లో జాతీయ సేవా పథకం 1969 నుంచి ఉంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటలు పట్నంలో ర్యాలీలకు, చీపుర్లతో ఫొటోలకు కరిగిపోకుండా సొంత గూడేనికి పట్టుకెళ్లవచ్చు. లయన్స్‌కు లియో క్లబ్బులు, రోటరీకి రోటరాక్ట్, బడి పిల్లలకు ఇంటరాక్ట్ ఉన్నాయి. వాటిలో మన పిల్లలు చేరడానికి అడ్డేమీ లేదు. చేరి అక్కడ మన మాట వినిపించాలి. 1925లో హెలెన్ కెల్లర్ చేసింది అదే.

చేరకపోయినా ఒక పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు, ఊరి ఆశా కార్యకర్త కలిసి ఒక నోటు పుస్తకం పెట్టండి. గూడెంలో చూపు మందగించినవాళ్లు ఎవరు, రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు ఎవరు, ఏ తల్లికి ఏ నెలలో కాన్పు, ఎవరి నెత్తురు ఏ గ్రూపు. సికిల్ సెల్ వివరాలు మాత్రం ఆ పుస్తకంలో వద్దు, అవి ఆ ఇంటివాళ్లవి. ఈసారి శిబిరం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి, ‘వీళ్లను చూడండి, వీళ్లు రాలేరు, మేం దారి చూపిస్తాం రండి’ అనండి. ఆ రోజు వార్తలో మన పేర్లు రాకపోయినా ఫరవాలేదు. పుస్తకంలో ఇంటూ గుర్తున్న ఇళ్లు ఎన్ని తగ్గాయో మాత్రం మనమే లెక్కపెట్టుకోవాలి.